అందరి బండ్లకూ ఒకే బ్యారెల్ ఆయిలా?

పోయిన ఆదివారం సమావేశంలో ఆఖర్న వచ్చిన సంగతి గురించి ఇది. అప్పటికే సగం మంది భోజనాలకు లేచిపోయారు కాబట్టి మళ్ళీ మొదటి నుంచి చెప్తున్నాం. సభ్యులందరి బండ్లకూ కలిపి 210 లీటర్ల బ్యారెల్ ఇంజిన్ ఆయిల్ టోకున తెప్పించి, సంఘం భవనం దగ్గరే కొలిచి పోసుకుందామని ప్రతిపాదన వచ్చింది. రకం కూడా అక్కడే తేల్చేశారు, 20డబ్ల్యూ50. "మన ఎండలకు చిక్కటి ఆయిలే మంచిది, ఏ బండికైనా సరిపోతుంది" అన్నారు. చాలా చేతులు లేచాయి. మేము కొందరం ఎత్తలేదు. ఎందుకో అక్కడ రెండు మాటల్లో చెప్పడం కుదరలేదు, ఇక్కడ రాస్తున్నాం. కాస్త పొడుగే, ఓపిక పట్టండి.

ఈ ఆలోచన తెచ్చిన అన్న మంచి మనసుతోనే తెచ్చారు. మనలో సగం మందికి బండి షోకు కాదు, కూడు. తోటలో రోజాపూలు తెల్లారేలోపు హోసూరు చేర్చేది ఆ బండే. రాయకోట మండీకి టమాటా పెట్టెలు మోసేది అదే. మన పిల్లలు కొందరు అత్తిబెలె దాటి బెంగళూరులో ఇంటింటికీ పార్శిళ్ళు అందించేదీ దాని మీదే. సీజన్ మధ్యలో ఇంజిన్ పట్టేసి, బోరు చేయించి, పిస్టన్ మార్పించుకునేసరికి ఒక నెల సంపాదన అందులోకే పోతుంది. ఆ బాధ చూసే ఆయన ఈ మాటన్నారు. అందుకే దీన్ని ఊరికే కొట్టిపారేయకుండా పద్ధతిగా మాట్లాడుకోవాలంటున్నాం.

"ఎండకు చిక్కటి ఆయిల్" అనే మాట నుంచి మొదలుపెడదాం. అందులో సగం నిజముంది. డబ్బా మీద 20డబ్ల్యూ50 అని ఉంటే, డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎలా కదులుతుందో చెప్పేది. వెనకున్న 50 అనేది ఆయిల్ 100 డిగ్రీలకు చేరాక ఎంత చిక్కగా ఉంటుందో చెప్పేది. అంకె పెద్దదైతే వేడిలో చిక్కదనం ఎక్కువ. ఇంతవరకు అందరికీ తెలిసిందే. తెలియాల్సింది ఏమిటంటే, డబ్బా మీది అంకెతో ఇంజిన్‌కు పనిలేదు. దానికి కావలసింది తను పనిచేసే వేడిలో, తన బేరింగుల సందుల్లో నిలబడే పొర. వేడి పెరిగేకొద్దీ ఏ ఆయిలైనా పలచబడుతుంది. 30 రకం ఆయిల్ 100 డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా ఉంటుందో, 50 రకం ఇంచుమించు 120, 125 డిగ్రీల దగ్గర అంత చిక్కగా ఉంటుంది. కాబట్టి 120 డిగ్రీలకు పోయే ఇంజిన్‌కు 50 సరైనది. 90 దాటని ఇంజిన్‌కు అదే 50 పోస్తే అవసరానికి మించిన చిక్కదనం. బంకలా మారి ఇంజిన్‌ను వెనక్కి లాగుతుంది. 8 హార్స్‌పవర్ చుట్టూ ఉండే 100 సీసీ ఇంజిన్‌కు అదీ బరువే. మైలేజీ తగ్గుతుంది. చిక్కటి ఆయిల్‌ను చిలికే పనిలో కొంత వేడి అదనంగా పుడుతుంది కూడా.

మరి మన బండి ఆయిల్ ఎన్ని డిగ్రీలకు పోతుంది? దీన్ని ఎండ నిర్ణయిస్తుందని అందరూ అనుకుంటారు. ఎండ పాత్ర ఉంది, కానీ మనం అనుకున్నంత లేదు. గాలితో చల్లబడే ఇంజిన్‌లో బయటి గాలి పది డిగ్రీలు వేడెక్కితే ఆయిల్ కూడా ఇంచుమించు పది డిగ్రీలే పెరుగుతుంది. మే నెల వేలూరుకూ మన హోసూరుకూ ఉన్న తేడా అంతకు మించదు. ఆయిల్‌ను అసలు ఉడికించేవి వేరే రెండు ఉన్నాయి, బరువు, గాలి ఆడకపోవడం. సిలిండర్ చుట్టూ ఉన్న రెక్కలు బండి ముందుకు పోతుంటేనే పనిచేస్తాయి. కారుకు లోపల నీళ్ళు తిరుగుతాయి, థర్మోస్టాట్ ఉంటుంది, ఆగి ఉన్నా ఫ్యాను తిరుగుతుంది. బండికి అవేవీ లేవు. కృష్ణగిరి నుంచి శూలగిరి మీదుగా ఎక్కేటప్పుడు వెనక రెండు పెట్టెలు కట్టుకొని, మూడో గేరులో గిలగిలలాడుతూ ఎక్కే బండిని చూడండి. వేగం లేదు, గాలి లేదు, బరువు నిండా ఉంది. మిట్టమధ్యాహ్నం నాలుగో గేరులో హాయిగా పోయే ఖాళీ బండి కన్నా ఇదే ఎక్కువ వేడి. బెంగళూరు సిల్క్‌బోర్డు దగ్గర సాయంత్రం ఆరు గంటలకు, ఎండే లేని వేళ, అరగంట పాకే బండి సంగతీ అంతే. ఎండ చూసి ఆయిల్ ఎంచుకునేవాళ్ళు ఈ లెక్క వదిలేస్తున్నారు. సిగ్నల్ దగ్గర నిమిషం దాటేటట్టుంటే బండి ఆపేయడం ఏ ఖరీదైన ఆయిల్ కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

దీనికి అవతలి వైపు కూడా ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. మనలో పెద్దవాళ్ళు కొందరు బండి తీసి గుడిదాకా, పాలకేంద్రం దాకా ఒక కిలోమీటరు పోయి ఆపేస్తారు. తళి వైపు డిసెంబరు తెల్లవారుజామున ఎంత చలి ఉంటుందో చెప్పక్కర్లేదు, ఆ ఊరిని తెల్లదొరలు చిన్న ఇంగ్లండ్ అని ఊరికే అనలేదు. ఆ చలిలో కిలోమీటరు ప్రయాణానికి ఆయిల్ వేడెక్కనే ఎక్కదు. కాలని పెట్రోలు, నీటి ఆవిరి ఆయిల్‌లో కలిసి అక్కడే ఉండిపోతాయి. మూత తీస్తే పాలనురగలా తెల్లగా కనిపించేది అదే. ఆయిల్ బాగా వేడెక్కి కాసేపు ఆ వేడిలో తిరిగితేనే ఆ తేమ పోతుంది. పైగా హోండా, స్ప్లెండర్ లాంటి బండ్లలో క్యామ్ షాఫ్ట్ ఇంజిన్ నెత్తిన ఉంటుంది. స్టార్ట్ చేయగానే ఆయిల్ అక్కడిదాకా ఎక్కాలి. చలిలో 20డబ్ల్యూ50 ఎక్కే వేగం 10డబ్ల్యూ30 కన్నా తక్కువ. ఆ కొన్ని క్షణాల అరుగుదల రోజుకు నాలుగుసార్లు, ఏడాదికి వెయ్యిసార్లకు పైనే. ఇలాంటి బండికి బ్యారెల్ ఆయిల్ పోస్తే మేలు చేసినట్టు కాదు.

కంపెనీలు ఏం చెప్పాయో చూడండి. స్ప్లెండర్‌కు 10డబ్ల్యూ30. యాక్టివాకూ 10డబ్ల్యూ30, కానీ అందులో వేరే రకం, అది కింద చెప్తాం. యమహా ఎఫ్‌జెడ్‌కు 10డబ్ల్యూ40. పల్సర్ 150కి చాలా ఏళ్ళు 20డబ్ల్యూ50. ఇప్పటి రాయల్ ఎన్‌ఫీల్డ్ 350లకు 15డబ్ల్యూ50. అన్నీ గాలితో చల్లబడేవే, అన్నీ ఈ దేశపు ఎండలో తిరిగేవే, అయినా ఇన్ని రకాలు. బేరింగుల సందులు, ఆయిల్ పంపు, ఇంజిన్ సైజు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటాయి కాబట్టి.

ఇక్కడ ఆ అన్న ఒక మాట అడిగారు, న్యాయమైనదే. "కంపెనీవాళ్ళు మైలేజీ చూపించుకోవడానికి పలచటి ఆయిల్ రాస్తారు కదా" అని. కొంతవరకు అవును, మైలేజీ, పొగ నిబంధనలు కూడా వాళ్ళ లెక్కలో ఉంటాయి. కొన్ని మాన్యువళ్ళలో బయటి వేడిని బట్టి రెండు మూడు రకాలు వాడుకోవచ్చని పట్టిక ఇస్తారు. ఆ పట్టికలో ఉన్నంతవరకు, రోజూ బరువు మోసే బండికి ఒక మెట్టు చిక్కటిది పోసుకోవడంలో తప్పులేదని మా అభిప్రాయం కూడా. పట్టిక దాటి 30 నుంచి 50కి దూకడమే వద్దంటున్నాం. "చిక్కటిది పోశాక చప్పుడు తగ్గింది" అని చెప్పేవాళ్ళున్నారు. తగ్గుతుంది. ట్యాపెట్ సందు ఎక్కువైతే ఆయిల్ మెత్తలా అడ్డుపడి చప్పుడు మింగేస్తుంది. సందు మాత్రం అలాగే ఉంటుంది.

అసలు మనవాళ్ళకు "ఏదో ఒక ఆయిల్" అనే అలవాటు ఎక్కడ నుంచి వచ్చిందో కూడా ఆలోచించాం. మన హోసూరులోనే 1980లో టీవీఎస్ 50 బయటికొచ్చింది. ఆ తర్వాత ఎక్స్‌ఎల్ సూపర్ వరకు మన ఊళ్ళల్లో అందరూ నడిపింది టూ స్ట్రోక్ బండ్లే. వాటిలో ఆయిల్ పెట్రోలుతో కలిసి లోపలికి పోయి కాలిపోతుంది. ప్రతి చుక్కా కొత్తదే, ఒక్కసారే పనిచేస్తుంది. పాతబడటం, మార్చడం అనే మాటే లేదు. కొలత సరిగ్గా ఉంటే చాలు. ఫోర్ స్ట్రోక్ బండిలో అదే ఆయిల్ వేలసార్లు తిరుగుతుంది, ప్రతిసారీ కాలుతుంది, మసి మోస్తుంది. బండి మారింది, ఇప్పటి ఎక్స్‌ఎల్ 100 కూడా ఫోర్ స్ట్రోకే. మన అలవాటు మాత్రం టూ స్ట్రోక్ దగ్గరే ఆగింది.

క్లచ్ సంగతి మరీ ముఖ్యం. గేర్ల బండ్లలో చాలావాటికి ఇంజిన్, గేర్లు, క్లచ్ ప్లేట్లు అన్నీ ఒకే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. ఇంజిన్‌కు జారుడు కావాలి, క్లచ్‌కు పట్టు కావాలి. రెండూ ఒకే ఆయిల్ ఇవ్వాలి. అందుకే జపాన్‌వాళ్ళు 1998లో జాసో అనే కొలత పెట్టారు. డబ్బా వెనక జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉంటే క్లచ్ పట్టు ఉంటుంది. ఎంబీ అని ఉంటే జారుడు ఎక్కువ, అది స్కూటర్లకు. యాక్టివాలో క్లచ్ ఆయిల్‌లో ఉండదు కాబట్టి దానికి ఎంబీ. ఎంఏ ఆయిల్ స్కూటర్లో పోస్తే పెద్దగా నష్టం లేదు. ఎంబీ తీసుకెళ్ళి గేర్ల బండిలో పోస్తే మాత్రం క్లచ్ జారే ప్రమాదముంది, బరువుతో ఎక్కేటప్పుడే ముందు తెలుస్తుంది. ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు. కారుకు మిగిలిన ఆయిల్, ట్రాక్టరుకు మిగిలిన ఆయిల్ బండిలో పోసేవాళ్ళు మనలో ఉన్నారు, ఎవరో వాళ్ళకే తెలుసు. డబ్బా మీద జాసో అని లేకపోతే క్లచ్‌కు భరోసా లేదు. పాత పోత ఇనుము బుల్లెట్ ఉన్న పెద్దలు ఈ పేరా వదిలేయొచ్చు, వాళ్ళ గేర్‌బాక్స్ వేరు, దాని ఆయిల్ వేరు.

ఇంత చెప్పాక మా అసలు మాట. ఏ ఆయిల్ అని కొట్లాడుకోవడం కన్నా, ఎంత ఉంది, ఎప్పుడు మార్చాం అన్నది పెద్ద విషయం. పట్టేసిన ఇంజిన్‌లు విప్పినప్పుడు మేము చూసినంతలో లోపల తప్పు రకం ఆయిల్ కాదు, ఆయిలే లేదు. 100 సీసీ బండికి లీటరు కూడా పట్టదు. అందులో పావు లీటరు ఆవిరైనా, రింగులు దాటి కాలిపోయినా, మిగిలినదే అంత పనీ చేయాలి, అంత వేడీ మోయాలి. గాలితో చల్లబడే ఇంజిన్‌లో వేడి మోసుకుపోయే నీళ్ళలాంటిది ఆయిలే. వేడి ప్రతి పది డిగ్రీలు పెరిగేకొద్దీ ఆయిల్ పాడయ్యే వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని ఈ రంగంలో ఒక మోటు లెక్క ఉంది. అంటే తక్కువైన ఆయిల్ ఎక్కువ వేడెక్కి, ఇంకా తొందరగా పాడవుతుంది. స్ప్లెండర్‌లో మనం కొని మార్చే కాగితం ఫిల్టరు కూడా ఉండదు. జాలీ, గిర్రున తిరిగి మురికిని పక్కకు విసిరే చిన్న డబ్బా, అంతే. మురికి బయటికి పోవాలంటే ఆయిల్ మార్చడమే దారి. బరువు మోసే బండికి మాన్యువల్ చెప్పిన కిలోమీటర్లకన్నా ముందే మార్చండి. సింథటిక్ వేడికి ఎక్కువ ఓర్చుకుంటుంది, నిజమే. కానీ సింథటిక్ పోసి పదివేల కిలోమీటర్లు మరచిపోయేవాడికన్నా మామూలు ఆయిల్ వేళకు మార్చేవాడి బండి బాగుంటుంది.

డిప్ స్టిక్ చూసే తీరు కూడా ఒకసారి చెప్పుకుందాం. బండి కాసేపు నడిపి, సెంటర్ స్టాండ్ వేసి, రెండు మూడు నిమిషాలు ఆగి చూడాలి. స్ప్లెండర్ లాంటివాటిలో పుల్లను తుడిచి, తిప్పి బిగించకుండా ఊరికే ఆనించి తీయాలి. బిగించి చూస్తే ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది.

కాబట్టి బ్యారెల్ వద్దని మా మాట. తెరిచిన బ్యారెల్‌లో వానాకాలం తేమ చేరుతుంది, దుమ్ము పడుతుంది, సీలు ఉండదు, ఏదైనా అయితే ఎవరిని అడగాలో తెలియదు. దాని బదులు అదే డీలరు దగ్గర సీలున్న డబ్బాలే టోకున తీసుకుందాం. మా అంచనాలో మనకు మూడు నాలుగు రకాలు చాలు. కాస్త ఎక్కువ పడుతుంది, పడనీయండి. తీసిన పాత ఆయిల్ కాలువలోనో చెరువు గట్టు మీదో పోయకుండా ఒక డ్రమ్ము పెట్టి, అనుమతి ఉన్నవాళ్ళకే ఇద్దాం.

మాన్యువల్ ఏమో పెద్దవాళ్ళు చదవలేరు. తమిళం, ఇంగ్లీషు చదివేది పిల్లలు, వాళ్ళకు తెలుగు చదవడం రాదు (అది ఇంకో బాధ, ఇంకోసారి రాస్తాం). ఇద్దరూ కూర్చుని ఆ ఒక్క పేజీ చదువుకోండి. ఆయిల్ రకం, ఎంత పట్టాలి, ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి, ఈ మూడూ తెలుగులో రాసి సీటు కింద అంటించండి. వచ్చే సమావేశానికి ముందు ఆ పేజీ ఫోటో గ్రూపులో పెట్టండి. మాన్యువల్ పోగొట్టుకున్నవాళ్ళు బండి పేరు, ఏ ఏడాది మోడలో రాస్తే మేము వెతికి చెప్తాం. ఇప్పటిదాకా రాసిన జాబితాలో ఆడవాళ్ళ స్కూటరు ఒక్కటీ లేదు. ఎంబీ డబ్బాలు ఎన్ని చెప్పాలో తేలాలంటే ముందు అవి రాయించండి.