చిగుళ్ల వ్యాధికి మజ్జిగ తోడే గాని మందు కాదు

చిగుళ్ల నుండి రక్తం కారుతున్నదని చెప్పి, ప్రోబయోటిక్ మాత్రలు వాడవచ్చునా అని అడిగేవారు మా వినుకొండలోనూ కనబడుతున్నారు. ప్రోబయోటిక్ అనగా దేహానికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులు. వాటిని వాడవచ్చును. అయితే వాటి స్థానం చికిత్స వెనుకనే గాని ముందు కాదని నా నిశ్చితాభిప్రాయం.

మిరప పండే ఈ సీమలో ఒక భ్రమ ఉన్నది. ముద్ద నోట పెట్టగానే చిగురు మండితే, కారమే దానిని చెరిచిందని అనుకొంటారు. కారం ఈ వ్యాధిని పుట్టించదు. ఉన్న పుండును తెలియజేస్తుంది, అంతే. కారం తగ్గించి, చలువ చేస్తుందని మజ్జిగ పుచ్చుకొంటే మంట శమిస్తుంది. రోగం కుదిరిందని ఊరట చెందుతారు. పంటికీ చిగురుకూ నడుమ పేరుకొన్న గార మాత్రం అలాగే ఉంటుంది. దానిని ఆశ్రయించిన క్రిముల వలన వాపు కలిగి, పంటిని పట్టి ఉంచే ఎముక క్రమంగా క్షీణిస్తుంది. తరచు నొప్పి ఉండదు గనుక, పళ్లు కదిలేవరకు ఎవరూ మేలుకొనరు.

మన శాస్త్రం ఈ విషయంలో సందిగ్ధంగా లేదు. సుశ్రుతుడు దంతమూల రోగాలను 15గా లెక్కించాడు. చిగుళ్లు మెత్తబడి, దుర్గంధంతో రక్తం స్రవించే దానిని శీతాదమన్నాడు. దానికి ముందుగా దుష్టరక్తం తీసి, పిదప శొంఠి, ఆవాలు, త్రిఫలాదుల కషాయాన్ని పుక్కిట పట్టమన్నాడు. గట్టిపడిన గారను దంతశర్కర అని, చిగురుకు గాయం కాకుండా దానిని తొలగించాలని విధించాడు. మొదట శోధనం, పిదప ఔషధం. ఈ క్రమం తప్పి, పళ్లపొడితోనే కదిలే పళ్లు గట్టిపడతాయని చెప్పే వైద్యులను నేను సమర్థించలేను.

ఆధునిక పరిశోధన కూడా ఇంచుమించు ఇదే చెబుతున్నది. గార తీసిన తరువాత లాక్టోబాసిల్లస్ రూటెరి అనే జీవి గల బిళ్లలు చప్పరించిన వారికి కొన్ని పరీక్షలలో స్వల్పంగా అదనపు మేలు కనబడింది, మరికొన్నిటిలో కనబడలేదు. అందుచేతనే 2020లో ఐరోపా దంతమూల వైద్యుల సమాఖ్య తన మార్గదర్శకాలలో వీటిని సిఫారసు చేయలేదు. ఇక ఇంట తోడుపెట్టిన పెరుగులో ఏ జాతి జీవులు ఎన్ని ఉన్నవో చెప్పలేము. కనుక అది ఆ బిళ్లకు సమానమనరాదు.

గార తీయిస్తే పళ్లు వదులవుతాయని పెద్దలు భయపడతారు. వాపు తగ్గి, గార కప్పిన సందులు బయటపడడం వలన అలా తోచడమే గాని, వదులు చేసింది వ్యాధియే. వినుకొండ నుండి గుంటూరు, విజయవాడ వెళ్లి వచ్చే శ్రమ ఒక పూటది. పోయిన పన్ను తిరిగి రాదు.

గృహిణులు గమనించవలసినవి:

పగటి భోజనంలో తాజా మజ్జిగ వాడండి. మజ్జిగ పులుసుగా కాచితే ఆ జీవులు నశిస్తాయి. చక్కెర కలపవద్దు.

దంతవైద్యుడు యాంటీబయోటిక్ ఇస్తే, దానికీ ప్రోబయోటిక్‌కూ రెండు గంటల వ్యవధి ఉంచండి. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు వైద్యుని అడగకుండా ఈ మాత్రలు వాడరాదు.

పొగాకు, గుట్కా మానకుండా ఏ చికిత్సా నిలువదు. మధుమేహులు మరింత జాగ్రత్త వహించాలి; చక్కెర పెరిగితే చిగుళ్లు చెడతాయి, చిగుళ్లు చెడితే చక్కెర అదుపు తప్పుతుంది.

పొలంలో కలుపు తీయకుండా ఎరువు చల్లే రైతు ఉండడు. నోటి విషయంలోనూ ఆ వివేకమే చాలు.