అన్నం మీద రొయ్య

(బి.ఎస్సీ. కెమిస్ట్రీ, మూడవ సంవత్సరం విద్యార్థి)

జపాను వెళ్ళి వచ్చానని తెలిసిన దగ్గర్నుంచి హాస్టల్లో కలిసినవాళ్ళందరూ మొట్టమొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "పచ్చి చేప తిన్నావురా?" బుల్లెట్ రైలు గురించి అడిగినవాడు ఒక్కడు. వారం రోజులు మేము తిరిగిన ప్రయోగశాలల గురించి అడిగినవాడు ఒక్కడూ లేడు. ఇంటి దగ్గర మా అమ్మయితే "పులుసు పెట్టకుండా చేప ఎలా తింటార్రా వాళ్ళు!" అని జాలిపడింది. తిన్నాను. బాగానే వుంది. కాని నేనీ వ్యాసంలో చెప్పదలచుకున్నది చేప గురించి కాదు, దాని కిందనున్న అన్నం గురించి. కాబట్టి చేపల వాసన పడని మిత్రులు కూడా నిర్భయంగా చదవవచ్చు.

సకురా సైన్స్ అనే కార్యక్రమం కింద జపాను ప్రభుత్వ సంస్థ ఒకటి 2014 నుంచి ఇతర దేశాల విద్యార్థులను కొద్ది రోజులపాటు పిలిపించుకుంటోంది. ఆ విధంగా 2025 అక్టోబరులో త్సుకుబా అనే విజ్ఞాన నగరం చూసే అవకాశం నాకు కలిగింది. టోక్యోకు ఈశాన్యంగా అరవై కిలోమీటర్లు వుంటుంది. తిరుగు ప్రయాణానికి ముందురోజు సాయంత్రం దాకా మాకు తీరిక దొరికింది. అక్కడ పరిశోధన చేస్తున్న శ్రీకాకుళం జిల్లా అన్నయ్య ఒకాయన అనుమతి తీసుకుని నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు. రైల్లో టోక్యో శివారు కితా-సెంజులో దిగి, సందులోంచి సందులోకి తిరిగి, "ఇదే తమ్ముడూ" అని ఓ నీలం గుడ్డ తెర ముందు ఆగాడు.

సుషీ దుకాణమంటే నేను ఊహించుకున్నది వేరు. టోక్యోలోనే గింజా అనే ఖరీదైన పేటలో పది కుర్చీల సుషీ దుకాణం వొకటి వుందనీ, అమెరికా అధ్యక్షుడు ఒబామా 2014లో అక్కడే భోజనం చేశాడనీ చదివాను. ఇది అది కాదు. ఇదీ ఇంచుమించు అంతే చిన్నది గాని, ఇక్కడికొచ్చేది ఆ వీధివాళ్ళు. ఒక పొడవాటి చెక్కబల్ల, ఎనిమిది స్టూళ్ళు. గోడకు వరసగా చేపల పేర్లు రాసిన కొయ్యపలకలు. బల్లకు అవతల డెబ్బై ఏళ్ళ పెద్దాయన, పక్కన టీ పోస్తూ ఆయన భార్య. ఓ మూల టీవీలో కుస్తీ. మా ఇద్దరితోబాటు అక్కడున్నది ఒక తాతగారు, పని దుస్తుల్లోనే వచ్చిన ఇద్దరు మేస్త్రీలు.

మధ్యాహ్న భోజనం మూడు తరగతులు: నామి, జో, తొకుజో. అంటే మామూలు, మేలు, మరీ మేలు. మా తాతయ్య చెప్పే సినిమా హాలు తరగతుల్లాగ నేల, బెంచి, కుర్చీ అనుకోండి. మేము నేల టిక్కెట్టే తీసుకున్నాం. 1,200 యెన్లు, మన లెక్కలో ఏడువందల రూపాయలు. నాకది ఎక్కువే గాని, ఆ వూళ్ళో అది మేస్త్రీలు తినే భోజనం.

పుల్లలతో తినడం చేతకాక అవస్థ పడుతుంటే, పెద్దాయన తన చేతివేళ్ళు చూపించి నవ్వాడు. సుషీని చేత్తో తినడం తప్పు కాదట. ఆ మాట విన్నాక నాకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు చూశాను ఆయన పని. చేప ముక్క కోయడం ఒక్క క్షణం. అసలు శ్రమంతా అన్నం దగ్గరే. వండిన అన్నాన్ని వెడల్పాటి కొయ్యతొట్టెలో పోసి, బియ్యపు వెనిగర్, చక్కెర, ఉప్పు కలిపిన రసం చల్లి, చెక్క గరిటెతో మెతుకు నలగకుండా కోసినట్టుగా కలుపుతారు. పక్కనుంచి విసనకర్రతో విసురుతారు. అన్నం చల్లబడకూడదు, వేడిగానూ వుండకూడదు. మనిషి వొంటి వేడి వుండాలి. ఆపైన చేతికి తడి చేసుకుని, చిన్న ముద్ద తీసి, రెండు మూడు నొక్కులు. "నిగిరి" అంటే నొక్కి ముద్ద చేసినదని అర్థం. చేతిలో విడిపోకూడదు, నోట్లో విడిపోవాలి. ఈ నొక్కు నేర్చుకోవడానికి ఏళ్ళు పట్టిందని అన్నయ్య ద్వారా చెప్పాడు.

కెమిస్ట్రీ విద్యార్థిని గనక ఒక్క మాట. మన స్వర్ణ అన్నం చల్లారితే గట్టిపడుతుంది. పిండిపదార్థంలోని అమైలోజ్ దానికి ముఖ్య కారణం. జపాను బియ్యంలో అది తక్కువ, అంచేత చల్లారినా మెత్తగా అంటుకుని వుంటుంది. చక్కెర ఆ గట్టిపడడాన్ని ఇంకొంత ఆలస్యం చేస్తుంది, వెనిగర్లోని ఆమ్లం సూక్ష్మజీవులను పెరగనివ్వదు. మా నాయనమ్మ తరవాణి కుండలో జరిగేది కూడా ఆ పులుపు వ్యవహారమే. నిజానికి సుషీ పుట్టుక కూడా అట్లాంటి కుండలోనే జరిగింది. పూర్వం ఉప్పు పట్టించిన చేపను అన్నంలో పొరలు పొరలుగా పేర్చి నెలల తరబడి పులియబెట్టేవాళ్ళు. చేప నిలవ వుండేది, అన్నం పారేసేవాళ్ళు. బివా సరస్సు ప్రాంతంలో ఆ పాత పద్ధతి ఇప్పటికీ వుంది. క్రమేణా ఆ అన్నం కూడా తినడం మొదలుపెట్టి, పులియబెట్టే తీరిక లేక వెనిగర్ కలిపారు. 1820 ప్రాంతాల్లో, అప్పటికి ఎదో అని పిలిచే టోక్యోలో, హనాయా యోహెయి అనే అతను ఈ చేతిముద్ద పద్ధతికి పేరు తెచ్చాడంటారు. అది వీధిబండి మీద కూలి జనం నిలబడి తిని పోయే తిండి. ఇప్పుడు మన నగరాల్లో పెద్ద హోటళ్ళవాళ్ళు దాన్ని వెండి పళ్ళెంలో పెట్టి అమ్ముతున్నారంటే నవ్వొస్తుంది.

ఇంకో సంగతి నా మనసులో బాగా నాటుకుంది. రెండవ ప్రపంచయుద్ధం తరవాత జపానులో బియ్యం కరువొచ్చి, 1947లో హోటళ్ళలో భోజనం అమ్మడమే నిషేధించారు. అప్పుడు టోక్యో సుషీ దుకాణాలవాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టి ప్రభుత్వాన్ని ఒప్పించారు: మేము భోజనం అమ్మడంలేదు, మనిషి తెచ్చుకున్న బియ్యానికి కూలి తీసుకుని పని చేసిపెడుతున్నాం, అని. ఒక గో బియ్యం, అంటే సుమారు నూట యాభై గ్రాములు, తెచ్చి ఇస్తే పది సుషీలు. అచ్చంగా మన పిండిమర పద్ధతి. మరకు జొన్నలు పట్టుకెళ్ళినట్టు బియ్యం మూటతో హోటలుకు వెళ్ళడం! ఒక మనిషి భోజనానికి సుమారు పది ముక్కలనే లెక్క అప్పట్నుంచే స్థిరపడిందట. ఒక పూట తిండిని బియ్యంతో కొలిచిన జనం గనకనే బియ్యం మీద వాళ్ళకు ఆ గురి అనుకుంటాను.

తింటూ తింటూ, "ఈ బియ్యం ఎక్కడివి?" అని అడిగించాను. ఊరికే అడిగాను. పెద్దాయన చేతిలో పని ఆపి, లోపలికి వెళ్ళి సంచీయే పట్టుకొచ్చాడు. దానిమీద పండిన జిల్లా, వరి రకం, పండిన సంవత్సరం, మరాడించిన నెల, అన్నీ అచ్చువేసి వున్నాయి. అక్కడ అది చట్టమట. తను పాతబియ్యం, కొత్తబియ్యం కలిపి వండుతాననీ, కొత్తవాటిలో తడి ఎక్కువగనక వెనిగర్ సరిగా పీల్చుకోవనీ చెప్పాడు. మా ఇంట్లో కూడా కొత్తబియ్యం వండితే ముద్దవుతుందని పాతవి దాచుకుంటాం. ఆ సంగతి చెప్పగానే ఆయన నావైపు తిరిగి, "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని అడిగాడు.

ఇక్కడ నిజం చెప్పుకోవాలి. కాలేజిలో చేరిన దగ్గర్నుంచీ ఈ ప్రశ్నకు నేను "అగ్రికల్చర్" అని ఇంగ్లీషులో చెప్పడం అలవాటు చేసుకున్నాను. "వ్యవసాయం" అంటే ఎందుకో నోరు రాదు. అక్కడ ఇంగ్లీషు పనికిరాదు గదా! అన్నయ్యకు తెలుగులో చెప్పాను: మా నాన్న వరి పండిస్తాడు, మూడెకరాలు సొంతం, రెండెకరాలు కౌలు. ఆయన అది జపాను భాషలో చెప్పాడు. పెద్దాయన భార్య చప్పున రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని తల వంచింది. పెద్దాయన ఏమీ అనలేదు. ఒక ముద్ద నొక్కి, దానిమీద ఉడికిన రొయ్య పరచి, నా ముందు పెట్టాడు. లెక్కలో లేనిది, ఊరికే ఇచ్చింది. "మన భీమవరం రొయ్యేమో తమ్ముడూ!" అని అన్నయ్య నవ్వాడు. మన దేశపు రొయ్యలు కొనే దేశాల్లో జపాను వొకటి, ఇక్కణ్ణించి పోయేవాటిలో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌వే. కావచ్చు.

ఆ రొయ్య నాకు గొంతులో పడ్డది గాని, అప్పట్నుంచి ఆలోచన మాత్రం దిగలేదు. వాళ్ళ పళ్ళెంలో అన్నం మీద రొయ్య కూర్చుంది. మా వూళ్ళో రొయ్య అన్నాన్ని మింగుతోంది. మాది పశ్చిమ గోదావరి డెల్టాలో వొక చిన్న వూరు. నేను అయిదో తరగతి చదివేనాటికి మా చేలకు మూడు వైపులా వరే. ఇప్పుడు రెండు వైపుల చెరువులు. చెరువు కౌలు వరి కౌలుకు ఎన్నో రెట్లు. చెరువు తవ్వించినవాళ్ళను నేను తప్పుపట్టను. వాళ్ళలో మా చిన్నాన్న వున్నాడు, నా ఫీజు వొక ఏడాది కట్టింది ఆయనే. కాని బోరు ఉప్పునీళ్ళు గట్టు దాటి వూరి, మా చేలో అంచు దుబ్బులు పసుపు పచ్చబడి పోతున్నాయి. దాళ్వాకయితే ఆ పక్క రెండు మళ్ళు వదిలేస్తున్నాం. చుట్టూ చెరువులయ్యాక మధ్యలో వరి వేసేవాడికి ఇష్టం అంటూ ఏమీ మిగలదు, వాడూ తవ్వాల్సిందే. మా ఇంటి బీరువాలో చెరువు లీజు కాగితం ఒకటి నాన్న సంతకం కోసం ఎదురు చూస్తోంది.

జపానువాళ్ళు వరిని పూజిస్తారు, మనం పాడుచేస్తున్నాం అని చెబితే వ్యాసం సుఖంగా ముగుస్తుంది. కాని అది నిజం కాదు. 2020 లెక్కల ప్రకారం అక్కడ వ్యవసాయమే ప్రధాన వృత్తిగా వున్నవాళ్ళ సగటు వయస్సు 67 దాటింది. వరి తగ్గించండని ఏళ్ళ తరబడి, 2018 దాకా, ప్రభుత్వమే డబ్బిచ్చి మరీ పొలాలు బీడు పెట్టించింది. 2024లో కొరత వచ్చి, 2025 మే నాటికి అంగళ్ళలో అయిదు కిలోల బియ్యం 4,200 యెన్లు దాటింది, ముందటి ఏడాదికి రెండింతలు. ఆ రోజుల్లోనే వ్యవసాయ మంత్రి తకు ఎతో, తానెప్పుడూ బియ్యం కొనలేదనీ, అభిమానులే పంపిస్తారనీ సభలో అని, పదవి పోగొట్టుకున్నాడు. (ఈ లెక్కన పదవులు పోవడం మొదలైతే కొన్ని దేశాల్లో మంత్రివర్గాలే మిగలవు.) మేము తిన్న దుకాణంలో కూడా బియ్యం ధర వల్ల భోజనానికి వంద యెన్లు పెంచారట. పెద్దాయన కొడుకు ఏదో కంపెనీలో ఉద్యోగం చేస్తున్నాడు, దుకాణానికి రాడు. 1958లో ఒసాకా దగ్గర షిరాయిషి అనే ఆయన బీరు ఫ్యాక్టరీలో సీసాలు కదిలే బెల్టు చూసి, సుషీ పళ్ళేలు తిరిగే హోటలు పెట్టాడు. ఇప్పుడు కుటుంబాలు అలాంటి చవక హోటళ్ళకే పోతున్నాయి. ఆ నీలం తెర ఇంకెన్నాళ్ళుంటుందో ఆ దంపతులకే తెలియాలి.

అయినా ఒక్క తేడా వుంది. ఆయనకు తను వండే బియ్యం ఎక్కడివో తెలుసు. మన హాస్టలు మెస్సులో రోజూ మూడువందల మందికి వండే మాస్టరుగారిని నేను వచ్చాక అడిగాను. "బియ్యం రా బాబూ, ఇంకేం బియ్యం!" అన్నాడు. ఆయన తప్పు లేదు, సంచీమీద వొక పులి బొమ్మ తప్ప ఏమీ లేదు. మారుటేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ, బాపట్లవాళ్ళ సాంబ మసూరి కొన్ని కోట్ల మంది కడుపు నింపాయి. ఆ పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? వృక్షశాస్త్రం చదివేవాళ్ళను కూడా కలుపుకునే అడుగుతున్నాను.

అందుచేత మన విద్యార్థి సంఘం వారికి నా సూచన ఒకటి. మెస్సు బోర్డు మీద పప్పు, వేపుడు, సాంబారు అని రాస్తున్నారు గదా, దానికింద ఇంకో వరస వేయండి: బియ్యం ఏ రకం, ఏ వూరివి. మిల్లరును అడిగితే చెప్పాలి, చెప్పకపోతే చెప్పే మిల్లరు దగ్గర కొనాలి. రూమ్మేటుతో ఈ మాట అంటే, "బోర్డు మీద రాస్తే మీ నాన్నకు బస్తాకు ఎంత పెరుగుతుందిరా?" అన్నాడు. ఒక్క రూపాయి కూడా పెరగకపోవచ్చు. 2025-26కు ప్రభుత్వం ప్రకటించిన మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలుకు 2,369 రూపాయలు, డెబ్బై అయిదు కిలోల బస్తాకు 1,777. బోర్డు ఆ అంకెను మార్చదు. కాని ఎవడు పండించాడో ఎవరికీ తెలియని వస్తువు ధర ఎవరిక్కావలసి పెంచుతారు? నా వాదన అంతవరకే.

దసరా తరవాత ఇంటికెళ్ళి నాన్నకు ఇదంతా చెప్పాను. తెర, కొయ్యతొట్టె, సంచీ మీది అచ్చు, ఆవిడ తల వంచడం. అరుగు మీద కూర్చుని చివరిదాకా విన్నాడు.

"అక్కడ బియ్యం కిలో ఎంతన్నావురా?"

"ఎనిమిదొందల నలభై యెన్లు నాన్నా. మన డబ్బుల్లో అయిదొందలకు దగ్గర."

"పండించినోడికి అందులో ఎంత చేతికొస్తది?"

అది నేను అడగలేదు. ఆ మాటే చెప్పాను. "అది కదరా అడగాల్సింది!" అని, తువ్వాలు దులుపుకుని, నీళ్ళు పెట్టడానికి చేలోకి పోయాడు.

కాగితం మీద ఇంకా సంతకం పడలేదు.