దాచుకునేటోడు దొంగేనా?

తప్పు చేయనోడికి దాపరికం దేనికని పెద్దలు అడుగుతున్నారు. ఆ ప్రశ్న అడిగే హక్కు వాళ్లకుందా? 2021 అక్టోబర్‌లో ఇదే హైదరాబాద్ రోడ్ల మీద పోలీసులు బండ్లు ఆపి, ఫోన్లు తీసుకొని, వాట్సాప్‌లో ‘గంజాయి’ అన్న మాట వెతికారు. 2024 మార్చిలో ఫోన్ ట్యాపింగ్ కేసులో అరెస్టయింది స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరోలో పనిచేసిన డీఎస్పీయే. అదే ఏడాది తెలంగాణ పోలీసుల ‘హాక్ ఐ’ యాప్ నుంచి జనం పేర్లు, ఫోన్ నంబర్లు చోరీ అయి అంగట్లో సరుకయ్యాయి. రాత్రిపూట ఎల్బీనగర్‌లో బస్సు దిగి రూముకు పోయే ఆడపిల్ల రక్షణ కోసం వేసుకునే యాప్ అది!

కాబట్టి టార్ బ్రౌజర్ పెట్టుకున్న విద్యార్థిని గంజాయి బేరగాడిలా చూడటం మానాలి. టార్ పుట్టింది అమెరికా నౌకాదళ పరిశోధనాశాలలో. మన సమాచారాన్ని అది మూడు కంప్యూటర్ల మీదుగా పంపుతుంది. మొదటిదానికి మనమెవరో తెలుసు, ఎటు పోతున్నామో తెలియదు. చివరిదానికి ఎటో తెలుసు, ఎవరో తెలియదు. మన దేశంలో దాన్ని వాడటం నేరం కాదు. మత్తుమందు కొంటే మాత్రం ఏ బ్రౌజర్‌లో కొన్నా నేరమే.

అయితే మిత్రులారా, టార్ తెరవగానే మాయమైపోయామనుకోకండి. 2013 డిసెంబర్‌లో అమెరికాలోని హార్వర్డ్ విద్యార్థి ఒకడు పరీక్ష ఎగ్గొట్టేందుకు టార్ మీదుగా బాంబు బెదిరింపు పంపాడు. ఆ గంటల్లో క్యాంపస్ వైఫై మీద టార్ వాడిందెవరని చూస్తే దొరికాడు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ వైఫై అయినా అంతే. మీరేం చూశారో దానికి తెలియదు, టార్ వాడారని తెలుస్తుంది. వంద మందిలో వాడేది మీరొక్కరే అయితే ఇక దాగేదెక్కడ? ఆఫీసులో జరిగే అక్రమాల కాగితాలు విలేకరికి పంపాలనుకునే ఉద్యోగి కూడా ఆఫీసు కంప్యూటర్, ఆఫీసు నెట్ ముట్టుకోవద్దు.

కోచింగ్ గల్లీల్లో అంతకన్నా పెద్ద ప్రమాదం ఆశ. 2023 మార్చిలో టీఎస్‌పీఎస్సీ పేపర్ల లీకేజీ బయటపడి గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయ్యాక, ‘డార్క్ వెబ్‌లో పేపరుంది’ అంటే నమ్మబుద్ధవుతుంది. ఆ పేపర్లు బయటికొచ్చింది కమిషన్ ఆఫీసు కంప్యూటర్ నుంచి, లోపలి మనుషుల చేతుల మీదుగా. పేపరిస్తానని హాల్‌టికెట్, ఆధార్, మెమోలు అడిగేటోడికి కావాల్సింది మీ కాగితాలే. క్రిప్టోలో పంపిన పైసలు తిరిగిరావు.

టార్‌ను దాని సొంత సైట్ నుంచే దించుకోండి. అందులో జీమెయిల్, ఫేస్‌బుక్ తెరవొద్దు. ఇప్పటికే ఆధార్ పంపి ఉంటే సిగ్గుపడి ఊరుకోకుండా ఈరోజే బయోమెట్రిక్ లాక్ చేయండి. డబ్బు పోతే గంటలు లెక్కపెట్టకుండా 1930కి ఫోన్ కొట్టండి.