వ్యసనం అనే మాటకి రెండో అర్థం

మా బావ తాగుతాడని మా ఇళ్ళలో అందరికీ తెలుసు. ఎందుకు తాగుతాడని మాత్రం ఎవరం అడగలేదు. పాతికేళ్ళుగా న్యూజెర్సీలో ఉంటున్నాడు, ఉద్యోగం బాగానే చేశాడు. శనివారం పార్టీల్లో అందరితో పాటు గ్లాసు పట్టుకునేవాడు, అందరూ వెళ్ళిపోయాక కూడా పట్టుకునేవాడు, అంతే తేడా అనుకున్నాం. రెండేళ్ళ క్రితం తాగి కారు నడుపుతూ దొరికిపోయి లైసెన్స్ పోగొట్టుకున్నాక, ఆయన్ని చికిత్సకి తీసుకెళ్ళి తీసుకొచ్చే పని నామీద పడింది. ఆ ప్రయాణాల్లో తెలుసుకున్నవే ఇవన్నీ. బావ చదివి సరేనన్నాకే ఇక్కడ పెడుతున్నాను.

మొదట వెళ్ళిన చోట మనుషులు మంచివాళ్ళే. కానీ వాళ్ళకో వరస ఉంది. ముందు తాగుడు మానాలి, ఆర్నెల్లు నిలబడాలి, మిగతా విషయాలు ఆ తర్వాత. బావ మానేశాడు కూడా, నలభై రోజులు. రోజులు గడిచేకొద్దీ రాత్రులు పాడైపోయాయి. అర్ధరాత్రి మంచం మీద లేచి నిలబడేవాడట, నేలంతా నీళ్ళున్నట్టు. అక్క ఫోన్ చేసి ఏడ్చింది. నలభై ఒకటో రోజు మళ్ళీ సీసా తీశాడు. అక్కడివాళ్ళూ మేమూ అనుకున్నది ఒకటే: పట్టుదల లేదు.

బావది దివిసీమ. 1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చిన రాత్రి ఆయనకి ఎనిమిదేళ్ళు. చెల్లెలి చెయ్యి పట్టుకుని ఉన్నాడు. తెల్లారేసరికి ఆ చెయ్యి లేదు. ఈ చెయ్యి సంగతి మాకు తెలియడానికి, ఆయన మా ఇంటి అల్లుడయ్యాక ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది. ఉప్పెనలో చెల్లెలు పోయిందని వినే ఉన్నాం. వేలమంది పోయారు, ఎవరింట్లో పోలేదు కనక అని దాటేశాం. బావ కూడా అలాగే దాటేసేవాడు. "నాకేమైందిరా, నేను బతికాగా" అనేవాడు.

తర్వాత నేను కూర్చుని చదువుకున్నాను. గతంలో జరిగిన ఘోరం మనిషిని ఏళ్ళ తరబడి వదలకుండా పట్టుకోవడం ఒక జబ్బని, అమెరికన్ మానసిక వైద్యులు 1980లో తమ మాన్యువల్‌లోకి ఎక్కించారు. పీటీఎస్‌డీ అని మనం వింటున్నది అదే. వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికుల పోరు లేకపోతే అది కూడా జరిగేది కాదేమో. తట్టుకోలేని బాధకి మనిషి తనకు తానే వేసుకునే మందుగా మత్తుని చూడాలని ఎడ్వర్డ్ ఖాంట్జియాన్ అనే డాక్టరు 1985లో రాశాడు. అయినా చికిత్సలు మాత్రం చాలాకాలం రెండు వేరు దుకాణాల్లాగే నడిచాయి. గాయం చూసేవాళ్ళు తాగుడు మాని రమ్మంటారు. తాగుడు మాన్పించేవాళ్ళు పాత కథలు సాకులంటారు. రెండూ ఉన్నవాడు మధ్యలో పడిపోతాడు. ఇది ఇప్పటికీ అక్కడక్కడా నడుస్తోందన్నదే నా ఫిర్యాదు. నిద్రలో నీళ్ళు చూస్తున్నవాణ్ణి, ఆ నీళ్ళని మరిపించే ఒకే ఒక్కదాన్ని వదిలేసి ఆర్నెల్లు ఆగమనడం ఏం న్యాయం?

రెండో చోట దొరికిన థెరపిస్టు రెండింటినీ కలిపే చూసింది. అలాగని మొదటిరోజే ఉప్పెన గురించి అడగలేదు. అది నాకు ఆశ్చర్యం. నేనైతే అడిగేసేవాణ్ణి. మనవాళ్ళకి తెలిసిన ఓదార్పు అదొక్కటేగా, "కడుపులో ఉన్నదంతా చెప్పేసి ఏడ్చెయ్" అనడం. జూడిత్ హెర్మన్ 1992లో రాసిన పుస్తకంలో దీనికో వరస చెప్పింది. ముందు మనిషికి భద్రత, తర్వాతే జ్ఞాపకమూ దుఃఖమూ, ఆపైన నలుగురిలోకి తిరిగి రావడం. లీసా నజావిట్స్ తయారుచేసిన 'సీకింగ్ సేఫ్టీ' అనే పద్ధతి 2002లో పుస్తకంగా వచ్చింది. అందులో ఇరవై అయిదు అంశాలున్నాయి. సాయం అడగడం, కాదనడం, మనసు అల్లకల్లోలమైనప్పుడు కళ్ళముందున్నదాన్ని పట్టుకుని నిలబడటం లాంటివి. పాత కథ విప్పి చెప్పాల్సిన పనేలేదు.

బావ ముందుగా నేర్చుకున్నది ఆ చివరిదే. దారిలో వాన మొదలైతే చాలు, డాష్‌బోర్డు మీది వినాయకుడి రంగు, ముందున్న ట్రక్కు నంబరు, నా చొక్కా బొత్తాలు పైకి చెప్పేవాడు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. పక్కనే డాక్టరు నాల్‌ట్రెక్సోన్ అనే మాత్ర కూడా రాశాడు. అన్నట్టు, బాగా తాగే అలవాటున్నవాళ్ళ సీసాలు సింకులో పారబోసి ఇంట్లో కూర్చోబెట్టకండి. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదకీ రావచ్చు. డాక్టరు చూస్తుండగానే ఆపాలి.

కొన్ని నెలల తర్వాతే ఉప్పెన దగ్గరికి వెళ్ళారు. కళ్ళు మూసుకుని, అది ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పాలి, దాన్ని రికార్డు చేసి ఇంట్లో మళ్ళీ వినాలి. ఇలా చేస్తే తాగుడు ఇంకా పెరుగుతుందని చికిత్స చేసేవాళ్ళకే భయం ఉండేది. సిడ్నీలో 103 మంది మీద చేసిన ఒక పరిశోధన 2012లో అచ్చయింది. రెండింటికీ కలిపి చికిత్స చేస్తే గాయం లక్షణాలు బాగా తగ్గాయి, మత్తు వాడకం పెరగలేదు. మత్తు విషయంలో మామూలు చికిత్స కన్నా అదనంగా ఒరిగిందేమీ లేదని కూడా అందులోనే ఉంది. ఇదేం మంత్రం కాదు.

బావకి ఇంగ్లీషులో మాట రాలేదు. ఎనిమిదేళ్ళ పిల్లాడికి ఇంగ్లీషెక్కడిది? తెలుగులోనే చెప్పమందిట ఆవిడ. ఒక్క ముక్క అర్థం కాకపోయినా నలభై నిమిషాలు కదలకుండా విందట.

తాగేవాళ్ళందరి వెనకా ఒక ఉప్పెన ఉంటుందంటే నేను ఒప్పుకోను. దివిసీమలో బతికి బయటపడి చుక్క ముట్టనివాళ్ళు ఎంతమందో. తాగి అక్కని అన్న మాటలకి జవాబుదారీ కూడా బావదే. ఆ విషయంలో థెరపిస్టు ఏమీ మెత్తగా లేదు.

కానీ వ్యసనమంటే మనకి వెంటనే గుర్తొచ్చేవి సప్తవ్యసనాలే, అంటే తప్పుల పట్టిక. నిఘంటువు తీస్తే అదే మాటకి దుఃఖం, ఆపద అనే అర్థాలు కూడా ఉన్నాయి. బెంగపడకు అనడానికి "వ్యసనపడకే" అనేది మా అమ్మమ్మ. ఆ మాట విని పెరిగినవాళ్ళం, బావ విషయంలో ఒక్క అర్థమే పట్టుకుని కూర్చున్నాం.

ఈ నవంబర్‌లో బావ అస్సలు తాగలేదని రాయాలని ఉంది. ఒకరోజు తాగాడు. మర్నాడు పొద్దున్నే తనే ఫోన్ చేసి చెప్పి, "శనివారం ఎన్నింటికొస్తావురా?" అన్నాడు.