ఉద్యోగమునకు ముందొక ద్వీపయాత్ర



ఈ నెల మా యింటి ముచ్చటనే మీకు విన్నవించుచున్నాము. మా పెద్దాడపడుచుగారి కుమార్తె డీయస్సీ పరీక్షలో నెగ్గి, సముద్రతీరపు పల్లె యొకదానిలో ఉపాధ్యాయినిగా నియమింపబడినది. ఇల్లెల్ల సంతోషమున మునిగియుండగా ఆ పిల్ల, "ఉద్యోగమున జేరుటకు ఇంకను నెలదినములు గలవు. స్నేహితురాండ్రతో గూడి ఎనిమిది దినములు థాయిలాండు ద్వీపములు చూచివత్తును" అనినది. 1939 వరకు సయామని పిలువబడిన దేశమే యది. ఒక ప్రైవేటు బడిలో రెండేండ్లు పాఠములు చెప్పి కూడబెట్టిన సొమ్ముతోనే పోవుదునన్నను వదినగారికి నిద్ర పట్టలేదు. "ఆ సొమ్ముతో రెండు గాజులు చేయించుకొనరాదా? నీవైనను బుద్ధి చెప్పవమ్మా" యని పిల్లను మా కడకు బంపిరి.

మేమును మొదట కటువుగనే పలికితిమి. "దీవి చూడవలెనన్న సయాము పోవలెనా? మన పులికాటులో లేవా?" అంటిమి.

"మీరు చూచితిరా, అత్తయ్యా?" అని యా పిల్ల నెమ్మదిగా నడిగినది.

మాకు నోట మాట రాలేదు. మా వారు ఈ ప్రాంతపు బడులలో పండ్రెండేండ్లుగా పని చేయుచున్నారు. నాలుగు వైపుల నీరు గల భూభాగమే ద్వీపమని మేమును ఇంట పిల్లలచే వల్లె వేయించినవారమే. ఒక్క దీవినైనను కాలితో త్రొక్కి యెరుగము.

ఆ యాదివారమే మువ్వురమును తడకు బోయి, భీమునివారిపాలెపు రేవున పడవ యెక్కితిమి. చిలికా తరువాత మన దేశమున రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాటు. తూర్పున శ్రీహరికోట దీవి కట్టవలె నిలిచి దీనిని బంగాళాఖాతమునుండి వేరుచేయుచున్నది. ఆ దీవినుండియే 1971లో తొలి రాకెట్టు ఎగిరినది. ఈ తావులు 2022 ఏప్రిలులో తిరుపతి జిల్లాలో జేరినను, మా బోంట్లకు అలవాటు చొప్పున నెల్లూరు తీరమే. లోతు లేని నీట ఫ్లెమింగోలు బారులు దీరియుండగా ఇరకము దీవివైపు సాగితిమి. "ఎండకాలమున నీరు తగ్గి పడవ బురదలో దిగబడును. అప్పుడు మాది దీవియు గాదు, నేలయు గాదు" అని పడవ నడుపు తాత నవ్వెను. మేము వల్లె వేయించిన నిర్వచనమును ఆ బురదలోనే దిగబడినది.

ఆ తాతయే 2004 డిసెంబరు 26 నాటి మాట యెత్తెను. ఒడ్డుననున్న తన బంధువుల పడవలు, వలలు నాడు కొట్టుకొనిపోయినవట. "సముద్రము అట్లు వచ్చునని ఏ బడిలోను మాకు చెప్పలేదమ్మా" యనెను. పిల్ల చాలసేపు మాటలాడలేదు.

తిరుగు ప్రయాణమున నా పిల్లయే మాకొక కథ చెప్పినది. సుమత్రా చెంత సముద్రగర్భమున భూమి కంపించి పుట్టిన ఆ సునామీ, రమారమి రెండు గంటలలో అటు థాయిలాండు ఫుకెట్టు దీవిని, కొంచె మెచ్చుతగ్గుగా ఆ వేళకే ఇటు మన తీరమును తాకినది. థాయిలాండున ఐదువేలమందికి పైగా, మన యాంధ్రతీరమున నూరుమందికి పైగా మరణించిరి. ఆ యుదయము ఫుకెట్టులోని మాయిఖావ్ తీరమున టిల్లీ స్మిత్ అను పదేండ్ల ఆంగ్లబాలిక, నీరు నురుగులు గ్రక్కుట చూచి, ఇది సునామీయని తల్లిదండ్రులను తొందరపెట్టినది. రెండు వారములకు ముందే ఆమెకు భూగోళోపాధ్యాయుడు ఆండ్రూ కియర్నీ ఆ పాఠము చెప్పియుండెను. తీరమున నున్న సుమారు నూరుమంది అచటినుండి తొలగిపోయిరి. అక్కడ నొక్కరును చావలేదు. సూరిన్ దీవులలోని మోకెన్ జాతివారికి ఏ బడియు లేకున్నను, పూర్వుల కథలవలన ఆ సూచనను గుర్తించి కొండ యెక్కిరట.

ఇందొక విశేషము గలదు. థాయిలాండువైపు సముద్రము ముందు వెనుకకు దీసి, పిమ్మట విరుచుకొని పడెను. మనవైపు వెనుకకు దీయకయే అల ముందుగా లేచి వచ్చెను. కావున నీరు వెనుకకు పోయినప్పుడే పరుగెత్తుడని మన పిల్లలకు చెప్పిన చాలదు. 2007 నుండి హైదరాబాదున సునామీ హెచ్చరిక కేంద్రము పని చేయుచున్నది. హెచ్చరిక విన్న వెంటనే మెట్టకు బోవుటయు నేర్పవలెను.

మేము వదినగారి యింటికి బోయి, "పిల్లను పోనిండు. గాజులు మరుసటేడు చేయించుకొనవచ్చును, బడిలో జేరిన పిమ్మట ఈ తీరిక రాదు" అని చెప్పితిమి. "నీవును దానివైపే చేరితివా?" యని ఆమె లోనికి బోయిరి.

పోదలచువారికి రెండు మాటలు. ఫుకెట్టు, క్రాబి వైపు నవంబరు మొదలు ఏప్రిలు వరకు సముద్రము శాంతముగా నుండును. అటు తూర్పుననున్న సమూయిలో మన నెల్లూరు వలెనే అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వానలు మెండు. ఫీఫీ దీవులలోని మాయా తీరమును జనసందడిచే పగడపు దిబ్బలు చెడినందున 2018లో మూసి, 2022లో తెరచిరి. చూడబోయినవారు చూడదగినదానిని చెరుపరాదు గదా.

పిల్ల మొన్న బయలుదేరినది. వదినగారు మాతో నింకను సరిగా మాటలాడుట లేదు. ఐనను బండి కదలువేళకు వారి యింటినుండి ఒక డబ్బా వచ్చినది. మూత తీసి చూడగా కమ్మని కందిపొడి. పై సోమవారమునకు పిల్ల తిరిగివచ్చును. ఆ పిమ్మటి వారము బడిలో అడుగిడును. మొదటి పాఠము ఏమి చెప్పెదవని మేమడుగగా, "ముందు పిల్లలనే అడుగుదును, అత్తయ్యా, సముద్రమునుగూర్చి వారి కేమి తెలియునో" యనినది.