బాలింత ఒళ్ళూ... హీరోయిన్ నడుమూ!

మన హీరోయిన్‌కి పెళ్ళయితే వార్త, నెల తప్పితే వార్త, పురుడొస్తే వార్త. ఇవన్నీ పాతబడ్డాక ఇంకొక వార్త మిగులుతుంది - పురుడొచ్చిన ఎన్నాళ్ళకి ఆవిడ నడుం మళ్ళీ సన్నబడింది? పక్కపక్కనే రెండు బొమ్మలు వేస్తారు. 'అప్పుడు', 'ఇప్పుడు' అని కింద రాస్తారు. మధ్యలో ఏం జరిగిందో మాత్రం ఎవరూ రాయరు.

ఈ శీర్షిక చదివే సోదరీమణులు కొందరు అడుగుతున్నారు: "ఫలానా ఆవిడ మూడు నెలల్లో మామూలు మనిషైపోయింది కదా, ఏం తింటుందో కనుక్కుని రాయండి" అని. రాయడానికేం, సులువే! కాకపోతే ఆవిడ వంటమనిషినీ, ఆయానీ, ఎక్సర్‌సైజులు చేయించే మాస్టారునీ కూడా మీ ఇంటికి పంపించగలిగితేనే ఆ రాత పనికొచ్చేది. అడిగినవాళ్ళలో ఎక్కువమంది ఒడిలో పాలు తాగే బిడ్డ ఉన్నవాళ్ళు. అందుకే ఈ వారం సినిమా కబుర్లు కొంచెం తగ్గించి ఈ సంగతి చూద్దాం.

ముందు ఆ తారల సంగతే చిత్తగించండి. ఐశ్వర్యారాయ్‌కి 2011 నవంబరులో కూతురు పుట్టింది. (అన్నట్టు, ఆవిడ మన నాగార్జున పక్కన 1999లో 'రావోయి చందమామ'లో ఓ పాటకి ఆడింది. జ్ఞాపకం ఉందా?) ఆర్నెల్లు తిరిగి కాన్ చిత్రోత్సవానికి వెళ్తే, "ఇంకా ఒళ్ళు తగ్గలేదేం?" అని లోకమంతా లెక్క అడిగింది. ప్రపంచ సుందరి కిరీటం పెట్టుకున్నావిడకే తప్పని లెక్క, మన వీధిలో ఆడపిల్లకి తప్పుతుందా!

కాజల్ అగర్వాల్‌ని 2022లో, ఇంకా కడుపుతో ఉండగానే వెక్కిరించారు. ఆవిడ ఊరుకోలేదు, అందరికీ కనపడేలా గట్టిగానే జవాబు చెప్పింది. ఆ ఏప్రిల్‌లో కొడుకు పుట్టాడు. నాలుగు నెలలకే 'భారతీయుడు' కొనసాగింపు చిత్రం కోసం గుర్రమెక్కింది. ఎక్కడమూ దిగడమూ కూడా పెద్ద పనైపోయిందనీ, ఒళ్ళు మునుపటిలా మాట వినలేదనీ ఆవిడే చెప్పుకుంది. ఈ ముక్కని పెద్ద అక్షరాల్లో వేసిన పత్రిక నాకు కనపడలేదు. ఇక 'జై చిరంజీవ', 'అశోక్' చిత్రాల్లో చూసిన సమీరారెడ్డి. 2015లో మొదటి కాన్పు తర్వాత బాగా ఒళ్ళొచ్చి, మనసు కుంగిపోయి, చాలాకాలం బయటికి రాలేకపోయానని తర్వాత దాచకుండా చెప్పింది. నన్నడిగితే ఆ ముగ్గురిలో బాలింతలకి ఎక్కువ మేలు చేసింది ఆవిడే.

ఇప్పుడు మా పొందూరు రండి. ఖద్దరుకి పేరుపడ్డ ఊరు. అక్కినేని నాగేశ్వరరావుగారు ముచ్చటపడి కట్టిన పంచెలు మా ఊరివే. వాలుగ చేప దవడతో దూది ఏకి, రాట్నం మీద సన్ననూలు తీసే ఆడవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మా పిన్ని కూతురి అత్తగారు వాళ్ళలో ఒకావిడ.

ఆ పిన్ని కూతురికి ఆడపిల్ల పుట్టింది. కాన్పుకి ముందు 58 కిలోలు ఉండే పిల్ల, మూడో నెల వచ్చేసరికి 69 ఉంది. ఫోన్‌లో ఎవరో '21 రోజుల్లో 8 కిలోలు' అని పథకం చూపించారు. పొద్దున్న డబ్బాపొడి కలిపిన నీళ్ళు, మధ్యాహ్నం దోసకాయ ముక్కలు, రాత్రి ఏమీలేదు. డబ్బు కట్టేసింది. పదో రోజుకి కళ్ళు తిరిగాయి. పాలు చాలడం లేదేమోనని భయం పట్టుకుంది. భయంతో రాత్రిపూట డబ్బాపాలు పట్టడం మొదలుపెట్టింది. నెలాఖరున అంగన్‌వాడీలో తూకం వేస్తే పిల్ల, కిందటి నెల 5 కిలోల 600 గ్రాములున్నది, ఈ నెల 5 కిలోల 700! ఆ వయసులో నెలకి అరకిలో అయినా పెరగాల్సిన పిల్ల వంద గ్రాములు పెరిగింది.

అత్తగారు రాట్నం ఆపి అన్నమాట ఇది: "ఏటమ్మీ, బువ్వ మానీసి పాలెక్కడ్నించి తెస్తావు? ఆవుకి గడ్డి మానీసి పాలు పిండగలమేటి?"

డాక్టరుగారు కూడా ఇంచుమించు అదే చెప్పారు గానీ, ఇంకొంచెం విడమర్చి చెప్పారు. తల్లి కాస్త తక్కువ తిన్నంత మాత్రాన పాలు ఎండిపోవు. ఒళ్ళు తన ఎముకల్లోంచీ, కండలోంచీ, నెత్తుట్లోంచీ తీసి అయినా బిడ్డకి ఇస్తుంది. మరీ మాడిస్తే మాత్రం ఆ కొట్టూ ఖాళీ అవుతుంది. రెండోది, పాలు ఊరేది బిడ్డ చీకడం వల్ల. డబ్బాపాలు పడితే చీకడం తగ్గుతుంది, చీకడం తగ్గితే పాలు తగ్గుతాయి, పాలు తగ్గాయని ఇంకో డబ్బా! మా చెల్లెలి ఇంట్లో జరిగింది ఈ రెండూ కలిసి. పస్తు మాన్పించి, రాత్రిపూట మళ్ళీ రొమ్ము పట్టించాక మరుసటి నెల తూకంలో పిల్ల కోలుకుంది.

అసలు పాలివ్వడానికి ఎంత తిండి కావాలి? మన హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదు చేరిన సంస్థ. అక్కడి నిపుణులు 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలూ మామూలు తిండికి పైన రోజుకి 600 కేలరీలు కావాలి, తర్వాతి ఆరు నెలలూ 520. కంగారుపడకండి, 600 అంటే విందుభోజనం కాదు. ఒక గ్లాసు పాలు, ఒక గుడ్డు, ఒక కప్పు అన్నం, గుప్పెడు వేరుశెనగ పప్పు... దాదాపు అంతే. 'ఇద్దరి కోసం తిను' అని కంచంలో కొండలా పెట్టే పెద్దలూ, 'నోరు కట్టుకో' అనే ఫోన్ పండితులూ, ఇద్దరూ ఈ లెక్కకి దూరంగానే ఉన్నారు.

అమెరికాలో ఒక పరిశోధన జరిగింది, 2000లో అచ్చయింది. బిడ్డకి పాలిస్తూ బరువు ఎక్కువగా ఉన్న 40 మంది తల్లులను తీసుకుని, కాన్పైన నాలుగు వారాల తర్వాత మొదలుపెట్టారు. కొందరికి తిండిలో రోజుకి 500 కేలరీలు తగ్గించి, వారానికి నాలుగు రోజులు 45 నిమిషాల వ్యాయామం చేయించారు. మిగతావాళ్ళని మామూలుగా ఉండనిచ్చారు. పది వారాల్లో మొదటి జట్టు వారానికి అరకిలో చొప్పున తగ్గింది. పిల్లల ఎదుగుదలలో మాత్రం రెండు జట్లకీ తేడా రాలేదు. అంటే నిదానంగా తగ్గితే బిడ్డకి ఢోకా లేదన్నమాట.

కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. వాళ్ళు బాగా తిని బలిసినవాళ్ళు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే సగానికి పైగా ఆడవాళ్ళకి రక్తహీనత! మా వైపు చాలామంది బాలింతలకి పొట్ట ఉంటుంది గానీ ఒంట్లో పస ఉండదు. చేతులు పుల్లల్లా ఉండి పొట్ట మాత్రం కనిపిస్తే, అది తగ్గించుకోవలసిన బరువు కాదు, సాగిన కండరం. దానికి తిండి తగ్గిస్తే పొట్ట పోదు, మనిషి పోతుంది. కాబట్టి ముందు నెత్తురు పరీక్ష చేయించుకోండి. ఎత్తుకి తగ్గ బరువెంతో అడిగి తెలుసుకోండి. 'నేను నిజంగా తగ్గాలా?' అన్న ప్రశ్న ముందు, 'ఎలా తగ్గాలి?' అన్నది తర్వాత.

తగ్గాలి అని తేలినా మొదటి ఆరు వారాలూ ఆ ఊసే వద్దు. బిడ్డా, మాయా, ఉమ్మనీరూ పోవడంతో అయిదారు కిలోలు కాన్పులోనే పోతాయి. గర్భసంచి యథాస్థానానికి రావడానికే ఆరు వారాలు పడుతుంది. ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టరు సరే అన్నాకే పొట్టకి సంబంధించిన వ్యాయామం మొదలెట్టాలి. మన పెద్దలు కట్టే నడుం కట్టు ఉందే, అది వెన్నుకి ఆసరా ఇస్తుంది, హాయిగా ఉంటుంది. అంతవరకు మంచిదే. కొవ్వు మాత్రం దానివల్ల కరగదు. ఊపిరాడకుండా బిగిస్తే కింది కండరాల మీద బరువు పడి కొత్త బాధలు వస్తాయి.

పథ్యం గురించి రాయకపోతే మా ఊళ్ళో నన్ను వీధిలోకి రానివ్వరు. తెలగపిండి ములగాకు కూర, పాలసొర పిట్టు, వెల్లుల్లి కారం, చోడి అంబలి... ఇవన్నీ నాకు చాలా ఇష్టమైన పథ్యాలు! వంద గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంది. ములగాకు సంగతి చెప్పనే అక్కర్లేదు. సొరలో మాంసకృత్తులున్నాయి. వీటిని వదులుకుని డబ్బాపొడి కొనుక్కోవడం నాకు బొత్తిగా అర్థం కాదు. అయితే 'నీళ్ళు తాగితే పొట్ట వస్తుంది' అని గొంతు తడుపుకోనివ్వకపోవడం మాత్రం తప్పు. బిడ్డ రోజుకి ముప్పావు లీటరు దాకా పాలు తాగుతుంది. ఆ నీళ్ళు తల్లి తాగితేనే కదా! దాహమైనప్పుడల్లా తాగాల్సిందే. కూరలూ పళ్ళూ 'బాలింతకి పడవు' అని పక్కన పెట్టేయడం కూడా అంతే. ఇక నేతి సున్నుండలు. పూటకి రెండు చొప్పున మూడు నెలలు తిని, మంచం దిగకపోతే ఒళ్ళు రాక ఏమవుతుంది? రోజుకి ఒకటి చాలు.

మా చెల్లెలు చేస్తున్నది చెబుతాను. అదేమీ గొప్ప రహస్యం కాదు. రోజుకి అయిదు టీలు రెండయ్యాయి, ఆ రెండింట్లోనూ చక్కెర సగం. సాయంత్రం బజ్జీలూ, బిస్కెట్లూ, కూల్‌డ్రింకులూ పోయాయి. అన్నం ఒక గరిట తగ్గి, పప్పు ఒక గరిట పెరిగింది, పక్కన ఆకుకూర. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు ఇంట్లో మగవాళ్ళ కంచంలోకి పోకుండా తనే తింటోంది (ఇది చిన్న మార్పు అనుకోకండి!). రాత్రి భోజనం మానలేదు, తొందరగా తింటోంది. రోజుకి 1,500 కేలరీల లోపుకి ఎవరూ దిగకూడదు. చాలామంది పాలిచ్చే తల్లులకు 1,800 పైనే కావాలి. సాయంత్రం బిడ్డకి కడుపునిండా పాలిచ్చి - అలా ఇస్తే నడిచేటప్పుడు రొమ్ముల బరువు ఉండదు - నలభై నిమిషాలు నడుస్తుంది. నడిస్తే పాలు పులుస్తాయని భయపడేవాళ్ళున్నారు. అదేం లేదు. వ్యాయామం పాలని తగ్గించదని 1994లోనే పరీక్షించి చూశారు.

కొన్ని వారాలు ముల్లు కదలదు. ఒక వారం వెనక్కి కూడా పోతుంది. పాలిస్తే దానంతటదే తగ్గిపోతుందన్న మాటా అందరి విషయంలో నిజం కాదు. పాలిచ్చేవాళ్ళకి ఆకలి కూడా దంచేస్తుంది మరి! అరకిలో కన్నా వేగంగా వారం వారం తగ్గుతుంటే సంతోషించకండి. తిండి చాలడం లేదేమో, థైరాయిడ్ ఏమైనా తేడా చేసిందేమో చూపించుకోండి. కాన్పు తర్వాత థైరాయిడ్ తిరగబడడం ఉన్నదే. బిడ్డ రోజుకి ఆరుసార్లయినా గుడ్డ తడుపుతోందా, నెలనెలా తూకం పెరుగుతోందా అన్నది మీ బరువు ముల్లు కన్నా ముఖ్యం. రెండు వారాలకు మించి ఏడుపొస్తూ ఉంటే, బిడ్డ మీద కూడా మనసు పోకపోతే, అది ఒళ్ళు సంగతి కాదు. డాక్టరుకి చెప్పాలి. సమీరారెడ్డి మాటలు ఇందుకే ప్రస్తావించాను.

ఇప్పుడు బరువు తగ్గించే సూదిమందుల పేర్లు వినిపిస్తున్నాయి, సెమాగ్లూటైడ్ వంటివి. పాలిచ్చే తల్లుల విషయంలో అవి క్షేమమని చెప్పడానికి తగినంత పరీక్ష జరగలేదు, కాబట్టి వద్దు. విరేచనాలయ్యే 'సన్నబడే టీ'లు కూడా వద్దు. వాటివల్ల పోయేది నీళ్ళే గానీ కొవ్వు కాదు. 2015లో అనుష్క తనే ఒళ్ళు పెంచుకుని మరీ నటించిన 'సైజ్ జీరో' చూశారు కదా! అందులో ప్రకాష్‌రాజ్ నడిపే దుకాణం వంటివి ఇప్పుడు ప్రతి ఫోన్‌లోనూ తెరిచే ఉన్నాయి. చిత్రం ఆడలేదు గానీ, ఆ విషయంలో మాత్రం దర్శకుడు ప్రకాష్ కోవెలమూడి ముందే చూశాడనుకోవాలి.

ఇంత రాశాక అసలు చిక్కు ఎక్కడుందంటే ఆ నలభై నిమిషాల్లో ఉంది. హీరోయిన్ నడవడానికి వెళ్తే బిడ్డని ఆయా ఎత్తుకుంటుంది. మా పొందూరులో ఎవరెత్తుకుంటారు? మా చెల్లెలి ఇంట్లో అత్తగారు ఆ వేళకి రాట్నం పక్కన పెట్టేస్తోంది. ఆదివారాలు ఆ డ్యూటీ మరిదిగారిది. పిల్ల కాస్త కిక్కుమంటే చాలు, భుజానేసుకుని భార్య వెనకాలే రోడ్డు మీదికి పరుగెత్తుకొస్తున్నాడట. అతను కూడా అరకిలో తగ్గాడని మా పిన్ని చెప్పింది!