మూట కట్టడమూ విద్యే

ప్రోగ్రాము వ్రాయడం గొప్ప విద్య అనీ, దానిని ఇతరుల కంప్యూటర్లకు తగినట్లు మూటకట్టి అందించడం గుమాస్తా పని అనీ సాఫ్ట్‌వేరు వృత్తిలో ఉన్న మనవారిలో ఒక భావం ఉన్నది. ఇది సరియైనది కాదని నా మనవి.

తెర మీద బొమ్మలేవీ లేకుండా, ఒక పంక్తిలో ఆదేశం టైపు చేయగానే పని చేసిపెట్టే చిన్న ప్రోగ్రాములను కమాండ్ లైన్ పనిముట్లు అంటారు. ఇటువంటి పనిముట్టుకు సోర్సు కోడు ఒక్కటే. కాని దానిని యంత్రభాషలోనికి మార్చిన తరువాత అది ఒక్క జాతి ప్రాసెసరుకు మాత్రమే అర్థమవుతుంది. ఇంటెల్ వంశపు ప్రాసెసర్ల భాష వేరు. సెల్‌ఫోన్లలో ఉండే ఆర్మ్ ప్రాసెసర్ల భాష వేరు. ప్రాసెసరు ఒకటే అయినా ఆపరేటింగ్ సిస్టమ్ మారితే ఫైలు నిర్మాణమే మారుతుంది. లైనక్స్‌లోనే కొత్త లైబ్రరీతో కట్టిన ప్రోగ్రాము పాత లైబ్రరీ ఉన్న యంత్రం మీద తరచు మొరాయిస్తుంది. లైనక్స్, విండోస్, మాక్ అనే మూడింటికి, రెండేసి ప్రాసెసర్ల చొప్పున లెక్కించినా ఆరు మూటలు కట్టాలి, ఆరింటినీ పరీక్షించాలి.

2015లో వెలువడిన గో భాష 1.5 వంటివి ఈ శ్రమను తగ్గించిన మాట నిజమే. గమ్యస్థానమైన సిస్టమ్ పేరు, ప్రాసెసరు పేరు చెబితే చాలు, ఒక కంప్యూటరు మీదనే మరొకదానికి ప్రోగ్రాము తయారవుతుంది. అయితే తయారు కావడం వేరు, అక్కడ సక్రమంగా నడవడం వేరు.

"సోర్సు కోడు ఇచ్చాము కదా, కావలసినవారే కట్టుకుంటారు" అని కొందరి వాదన. భోజనానికి పిలిచి వడ్లు చేతికిచ్చినట్లున్నది ఈ వాదన! పైగా మూట విషయంలో అశ్రద్ధ ఎంత ప్రమాదమో 2024 మార్చిలో లోకానికి తెలిసివచ్చింది. ఫైళ్ళను కుదించే ఎక్స్‌జెడ్ అనే పనిముట్టు 5.6.0, 5.6.1 విడుదలలలో ఎవరో దొంగదారి అమర్చారు. దానిని మేలుకొలిపే తునక అందరూ చూసే సోర్సు కోడులో లేదు. విడుదల మూటలో మాత్రమే ఉన్నది! సర్వరులోనికి లాగిన్ కావడం సుమారు అర సెకను ఆలస్యమవుతున్నదని గమనించి, ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆరా తీసినందువల్ల అది బయటపడింది. అంతకుముందు ఆ పనిముట్టు భారమంతా దాదాపు ఒక్క వ్యక్తే జీతం లేకుండా మోస్తూ ఉండేవాడు.

కనుక మూట కట్టే పని బహిరంగంగా జరగాలి. ఒకే సోర్సు నుండి ఎవరు కట్టినా అక్షరం తేడా లేని ఫైలు రావాలి. ఏ యంత్రాల మీద పరీక్షించామో, వేటి మీద పరీక్షించలేదో నిజాయితీగా చెప్పాలి. 2025 ఆగస్టులో విడుదలైన డెబియన్ 13 ఏడు రకాల ప్రాసెసర్లకు అందుతున్నదంటే, దాని వెనుక ఎందరో స్వచ్ఛంద సేవకుల ఓపిక ఉన్నది.

మన కుటుంబాలలో సాఫ్ట్‌వేరు జీవనాధారమైనవారు ఎందరో ఉన్నారు. వారంలో ఒక గంట ఇటువంటి పనికి కేటాయించడం వారికి అసాధ్యం కాదు. మన పిల్లలు ప్రోగ్రాము వ్రాసి చూపినప్పుడు మెచ్చుకుందాం, ఆపైన, "ఇది పక్కింటి వారి కంప్యూటరులో నడుస్తుందా?" అని కూడ అడుగుదాం. విద్య పరులకు అక్కరకు వచ్చినప్పుడే కదా సార్థకం!